కొబ్బరి చెట్లు లేని లండన్

ఎనభై ఆరు వరద తర్వాత గోదావరికి మళ్ళీ అంత నీరు వచ్చి, లంక ఊళ్ళలో జనం డాబాల మీద పొయ్యిలు పెట్టుకున్న ఏడాది అది. ఆ ఏడే, వరదకి కొంచెం ముందుగా, అబ్రహాం లండన్ చూశాడు. చూశాడంటే ఒక్క పగలు. భార్య దేవకుమారి పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూడిక తన దగ్గరే పెడదామని కూతురు క్రిస్టినా అమెరికా నుంచి వచ్చి తండ్రిని వెంటబెట్టుకు బయలుదేరింది. విమానం మారేది లండన్‌లో. మర్నాటి విమానానికి టికెట్ తీసుకుంటే ఊరు చూడొచ్చని ఆమె అంటే, ఏ సంగతికైనా తల ఊపి ఊరుకునే ఆ మనిషి నోరు విప్పి "చూద్దాం" అన్నాడు.

దానికి కారణం ఉంది. పెళ్ళయిన కొత్తలో రాజోలు ఫోటో స్టూడియోలో ఇద్దరూ ఒక ఫోటో దిగారు. వెనక రంగుల తెర. దాని మీద రెండు బురుజుల వంతెన, కింద ఏరు, ఏటి ఒడ్డున కొబ్బరి చెట్లు. "ఇది లండన్, కదలకండి" అన్నాడు ఫోటో తీసే ఆయన. దేవకుమారి పడుచుదనంలో దిగిన ఫోటో అదొక్కటే. అదీ ఎనభై ఆరు వరదలో ఇంటితోపాటు కొట్టుకుపోయింది.

లండన్‌లో క్రిస్టినా తండ్రిని ఎర్ర బస్సు పైఅంతస్తు ఎక్కించింది. గడియారపు గోపురం చూపించింది. రాణిగారి కోట ముందు కన్ను కదపకుండా నిలబడే సిపాయిల్ని చూపించింది. అన్నిటినీ అతను పరాయివాళ్ళ పెళ్ళిలో భోజనానికి కూర్చున్నవాడిలా మర్యాదగా చూశాడు. సాయంత్రం నది ఒడ్డున వంతెన కనబడేసరికి మాత్రం నడక పెంచాడు. దగ్గరికి వెళ్ళి అటూ ఇటూ తేరిపార చూశాడు.

"ఇది కాదమ్మాయ్."

"ఇదే నాన్నా. టవర్ బ్రిడ్జ్ అంటే ఇదొక్కటే."

"చెట్లేవీ?"

ఏ చెట్లని అడిగి, స్టూడియో తెర మీది కొబ్బరి చెట్లని విని, క్రిస్టినా రెయిలింగు పట్టుకుని నవ్వింది. "ఈ చలికి కొబ్బరి బతుకుద్దా? ఆ తెర గీసినాయన లండన్ ఎప్పుడు చూశాడు నాన్నా. వాళ్ళ పెరట్లో చెట్లే వేసేసుంటాడు."

వయసులో ఉన్నప్పటి నుంచి చెట్లెక్కి కొబ్బరి దింపులు తీసి బతికినవాడు అబ్రహాం. ఆ చెట్టు ఈ నేలలో నిలవదన్న సంగతి తనకే తట్టలేదని అతనికీ నవ్వొచ్చింది. నవ్వాడు గానీ, ఇన్నేళ్ళూ దాచుకున్నదేదో చేతిలోంచి జారినట్టయింది.

ఫోటో తీస్తానంటే ఒక పక్కకి నిలబడ్డాడు. మధ్యకి రమ్మని కూతురు చెయ్యి ఊపినా కదలలేదు. స్టూడియోలో దేవకుమారి అతనికి ఎడమ వైపు నిలబడింది. ఆ చోటు అలాగే వదిలాడు. క్రిస్టినా అది గమనించి, అలాగే ఫోటో తీసింది.

అమెరికాలో క్రిస్టినా ఉండే ఆష్‌బర్న్‌లో వాళ్ళ తెలుగు క్రైస్తవ సంఘం కూడికని శనివారం సాయంత్రానికి పెట్టింది. పాటలప్పుడు పోయిన మనిషి ఫోటో స్క్రీన్ మీద వెయ్యడం అక్కడి పద్ధతి. ఆ మధ్యాహ్నం క్రిస్టినా లాప్‌టాప్ తెచ్చి తండ్రి ముందు పెట్టింది. అందులో లండన్ వంతెన, అబ్రహాం, అతని ఎడమ పక్కన దేవకుమారి.

"బాగుందా నాన్నా? ఆ గ్యాప్ అమ్మ కోసమే వదిలావని నాకు అప్పుడే తెలుసు. చర్చిలో స్లైడ్స్ పని చూసే జూడ్ చేత ఎడిట్ చేయించాను."

పోయినవాళ్ళని పెళ్ళి ఫోటోల్లో అతికించి ఫ్రేము కట్టించుకోవడం ఊళ్ళో మామూలే. అబ్రహాం అలాంటివి చాలా చూశాడు. కానీ ఇక్కడ తన పక్కనున్నది జబ్బు పడ్డాక తీసిన ముఖం. కాళ్ళకి చెప్పులు. కూతురి సంబరం చూస్తే కాదనడానికి మనసొప్పడం లేదు. ఊరుకున్నాడా, సాయంత్రం నలుగురి కళ్ళల్లో దేవకుమారి ఇలాగే నిలిచిపోతుంది. తనకీ ఇక ఇదే గుర్తుంటుందేమోనని భయం వేసింది.

"ఇది వద్దమ్మా."

ఆమె ముఖం చిన్నబోయింది. "నువ్వే కదా చోటు వదిలావు?"

"వదిలాను. నింపమన్లేదు."

తర్వాత, అడక్కుండానే చెప్పాడు. స్టూడియోలో తెర కింది అంచు నేల మీదికి పరిచి ఉండేదని, ఫోటో దిగేవాళ్ళు దాని మీదే నిలబడాలని చెప్పాడు. అందరూ చెప్పుల కాళ్ళతోనే తొక్కేవారట. దేవకుమారి మాత్రం విడిచి వచ్చింది. ఫోటో ఆయన కసురుకుంటే, "చెప్పులతో తొక్కితే ఊరు మాసిపోదా అండీ?" అందట. ఆయనకి నవ్వాగక కెమెరా మళ్ళీ సర్దుకోవలసి వచ్చిందట.

"నాకెప్పుడూ చెప్పలేదేం?" అంది క్రిస్టినా.

"ఫోటో పోయాక ఇంకేం చూపించి చెప్పను?"

ఆమె లాప్‌టాప్ మూసేసింది. మామూలు ఫోటో ఒకటి వేస్తానని, ఈ కబురు మాత్రం సాయంత్రం అతనే చెప్పాలని పట్టుబట్టింది. తనకి మాటలు రావన్నాడు అబ్రహాం. "నాకు చెప్పావుగా" అంది.

కూడికలో అతన్ని పిలిచి మైకు చేతికిచ్చారు. దాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎవరో దగ్గారు. పాస్టరుగారు లేవబోయారు. అప్పుడు అబ్రహాం, తన భార్య లండన్‌లోకి చెప్పులు విడిచి వెళ్ళిందని మొదలుపెట్టి, ఎందుకో చెప్పి, అంతటితో కూర్చున్నాడు. ముందు వరసలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు. వాళ్ళెవరూ దేవకుమారిని ఎరగరు. ఆ కాసేపూ ఎరిగున్నవాళ్ళ మాదిరే నవ్వుకున్నారు.

మర్నాడు ఆదివారం. క్రిస్టినా మేడ దిగేసరికి అబ్రహాం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. చర్చికి ఇంకా టైముందా అని అడిగాడు. ఉందంది. పక్క కుర్చీ లాగి ఆమెను కూర్చోమన్నాడు. పెళ్ళిచూపులకి ఏరు దాటిన సంగతి రేవు దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.