ధార సన్నగా వస్తోంది

మా హాస్టల్లో రెండు పుస్తకాలుంటాయి. ఎర్ర అట్టది నర్సమ్మది. జబ్బుచేసి అందులో ఎవరి పేరెక్కినా ఆ రోజే ఇంటికి ఫోను వెళ్తుంది. నీలం అట్టది మరమ్మతులది. అందులో ఏం రాసినా వార్డెన్నైన నా దగ్గరికి, నా దగ్గర్నుంచి ప్లంబరుకో వడ్రంగికో వెళ్తుంది. ఎప్పుడు వెళ్తుందన్నది వేరే సంగతి.

ఒక సోమవారం పొద్దున నీలం పుస్తకంలో ఇలా ఉంది: "మూడో అంతస్తు, పన్నెండో గది. ధార సన్నగా వస్తోంది. ఆగి ఆగి వస్తోంది. రంగు కూడా మారింది."

పన్నెండో గదిలో ఉండేది నిలువుగీత. పక్కకి తిరిగితే కనపడడని తోటివాళ్ళు పెట్టిన పేరు. కిందటేడు వాడికి రెండుసార్లు జబ్బు చేసింది. ఈ ఏడు దింపడానికొచ్చినప్పుడు వాళ్ళమ్మ నా బల్ల ముందు నిలబడి ఖరాఖండీగా చెప్పింది.

"అన్నయ్యగారూ, మీరే సాక్షి. వీడికి ఇంకొక్కసారి ఒంట్లో బాగోలేదని ఫోనొచ్చిందా, పెట్టె సర్దించి తీసుకుపోతాను. ఈ చదువు లేకపోయినా బతుకుతాడు."

వాడు అమ్మకేసి కాకుండా తన పుస్తకాల సంచీకేసి చూశాడు.

ప్లంబరుని పంపాను. చొక్కా తడుపుకుని దిగొచ్చాడు.

"ఆ గదిలో అసలు కుళాయే లేదు సార్. వరండా చివర ఉన్నవన్నీ విప్పి చూశా. తిప్పితే మొహాన కొడుతున్నాయి."

మంగళవారం ఇంకో వాక్యం చేరింది: "మంట కూడా ఉంది."

"నీళ్ళల్లో మంటేంటి సార్? కరెంటాయన్ని పంపండి," అన్నాడు ప్లంబరు. కరెంటాయన వెళ్ళి, ఎవరో తనతో ఆటలాడుతున్నారని మొహం మాడ్చుకుని తిరిగొచ్చాడు.

బుధవారం: "వేడి చేసినట్టుంది. దయచేసి ఎవరికీ చెప్పకుండా బాగుచేయగలరు."

ప్లంబరు దాన్ని పెదాలు కదుపుతూ చదివాడు. మళ్ళీ చదివాడు. గొంతు తగ్గించాడు.

"సార్, కిందటి ఎండల్లో నాకూ ఇదే వచ్చింది."

"ఏది?"

"ధార సన్నగా రావడం."

"మీ ఇంట్లో కుళాయికా?"

"కుళాయే గానీ, ఇంటిది కాదు సార్."

డిగ్రీ చదివినవాణ్ణి. అయినా అర్థం కావడానికి నాకు కాస్త టైము పట్టింది.

ఇద్దరం మెట్లెక్కాం. నిలువుగీత మంచమ్మీద ముడుచుకుని లెక్కలు చేసుకుంటున్నాడు.

"పుస్తకం మారిపోయింది సార్," అన్నాడు నన్ను చూడగానే.

"మారిపోయిందా, మార్చావా?"

"ఎర్రదాంట్లో రాస్తే అమ్మ వచ్చేస్తుంది కద్సార్. కానీ అబద్ధం ఒక్కటీ రాయలేదు."

అదీ నిజమే.

"నీళ్ళెన్ని తాగుతున్నావురా?"

"పొద్దున ఒక గ్లాసు. సాయంత్రం అరగ్లాసు."

"దాహం వెయ్యదా?"

"వేస్తుంది. తాగితే వెళ్ళాలి కదా సార్. మా అంతస్తు దొడ్డి తలుపుకి గడియ లేదు. లోపలున్నవాళ్ళు పాట పాడుతూ ఉండాలి, అదీ గుర్తు. నాకు పాట రాదు."

"ఓరి నాయనోయ్! గొంతు బాగోలేక ఇక్కడిదాకా తెచ్చుకున్నావా!" అని ప్లంబరు తలుపు పట్టుకుని నవ్వాడు.

"నెల కిందటే రాశాను బాబాయ్, నీలం పుస్తకంలో."

కిందికొచ్చి పేజీలు తిరగేశాను. ఉంది. "గడియ ఊడిపోయింది." దాని పక్కనే నా దస్తూరీ: "చూద్దాం."

డాక్టరు పరీక్ష చేయించి, ఇన్ఫెక్షను ఇప్పుడిప్పుడే మొదలైంది, మాత్రలతో పోతుంది, రోజుకి మూడు లీటర్లు తాగాలి అన్నాడు. నర్సమ్మ ఎర్ర పుస్తకం తెరిచి పేరు రాసింది. వాడి మొహం పాలిపోయింది. ఫోను నేనే అందుకున్నాను.

"అమ్మా, మీవాడికి ఒంట్లో బాగోలేదు. తప్పు వాడిది కాదు, నాది," అని గడియ సంగతి మొత్తం చెప్పాను. ఆవిడ నాకు పది నిమిషాలు తలంటింది. చివర్న ఊపిరి తీసుకుని అడిగింది:

"ఇంతకీ మీరెన్ని నీళ్ళు తాగుతారు?"

మా ఆవిడ ఉన్నప్పుడు నేను రాసుకునే కాగితం మీదే గ్లాసు పెట్టేసేది, తాగితే గానీ కలం కదిలేది కాదు. ఆవిడ పోయిన ఈ నాలుగేళ్ళలో నన్ను ఈ మాట అడిగినవాళ్ళు లేరు.

"రెండు గ్లాసులు," అన్నాను.

"బాగుంది సంబడం! మీరే ఇలా ఉంటే పిల్లలేం తాగుతారు? సరే, వాణ్ణి అక్కడే ఉంచండి. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తా. ఇద్దరూ ఎన్ని తాగారో చెప్పాలి."

ప్లంబరుతో పాటు పక్కనే నిలబడి వింటున్న నిలువుగీత అప్పటికే గ్లాసు ఎత్తి గటగటా తాగుతున్నాడు.

ఆ మధ్యాహ్నమే వడ్రంగి గడియ బిగించాడు. మర్నాడు నీలం పుస్తకంలో ప్లంబరు వంకర అక్షరాలు కనిపించాయి: "కింది అంతస్తు, వార్డెన్ గది. సరఫరా బాగా తక్కువ. వెంటనే చూడాలి."

అలవాటుకొద్దీ పక్కన "చూద్దాం" అని రాయబోయి, కలం కింద పెట్టి గ్లాసు అందుకున్నాను.