పొడుగు ప్లగ్గు

పాలు కాగేలోగా రెండు స్పార్క్ ప్లగ్గులు చూసేయొచ్చు. ఆ లెక్క ఆమెకి బాగా తెలుసు. ముందు గది చిన్న ఇంజన్లు బాగుచేసే షాపు, వెనక గది వంటిల్లు, మధ్యలో ఒక గుమ్మం. రోజుకి ఎన్నిసార్లు దాటుతుందో ఆ గుమ్మానికే తెలియాలి. పాలు దించి, స్టవ్ కట్టేసి, మళ్లీ బల్ల ముందుకొచ్చి కూర్చుంది.

పాత ప్లగ్గు విప్పి మూతి చూస్తే ఇంజన్ సంగతి ఇట్టే తెలిసిపోతుంది. లేత గోధుమరంగులో ఉంటే ఒంట్లో బాగున్నట్టు, మసిపట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు, తెల్లగా పాలిపోతే వేడెక్కిపోతున్నట్టు. కొత్తది పెట్టేముందు పాతదాని పక్కన నిలబెట్టి త్రెడ్, అంటే మరచుట్టు, పొడుగు చూసుకోవాలి. కొన దగ్గర సందు కొలుచుకోవాలి. ముందు వేళ్లతోనే తిప్పాలి. ఎక్కడా పట్టకుండా చివరిదాకా దిగితేనే స్పానర్ ముట్టుకోవాలి. ఇవేవీ ఆమెకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పాడుచేసి నేర్చుకుంది, తిట్లు తిని నేర్చుకుంది. "మేస్త్రి చెయ్యి పడిందంటే తాడు ఒక్క లాగుకే స్టార్టయిపోతుందండీ!" అని వచ్చినవాళ్లంతా భర్తని పొగుడుతారు. ఆయన మొహం ఇంతవుతుంది. ఎవరైనా ఆమెని చూసి అడిగితే, "మా ఆవిడా? ఖాళీగా కూర్చోలేక కాస్త సాయం చేస్తుంటుంది" అంటాడు. ఖాళీ అట! పొద్దున్నే ఐదింటికి లేచే మనిషికి ఆ ఖాళీ ఎక్కడ దొరికిందో అడిగిన పాపాన ఎవరూ పోలేదు. "ఆ పెట్రోలు చేతులతో నా గ్లాసు ముట్టుకోకమ్మాయ్" అంటుంది అత్తగారు. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు రావడంలేదు. అది మంచిదో కాదో ఆమె తేల్చుకోలేదు.

నిన్న అత్తగారిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లి, సాయంత్రందాకా అక్కడే ఉండిపోయింది. ఇవాళ బల్ల ముందు కూర్చుందో లేదో, బడి తోటమాలి గడ్డి కోసే మిషను తోసుకుంటూ వచ్చాడు.

"నిన్న ఇక్కడ వదిలి వెళ్తే ప్లగ్గు మార్చారు కదా మేస్త్రీ! మొదటి లాగుకే లోపల టక్కుమంది. ఇక కదిలితే ఒట్టు. నేనే పాడుచేశానని హెడ్‌మాస్టరు నామీద విరుచుకుపడుతున్నాడు."

భర్త ప్లగ్గు విప్పాడు. కొన నలిగి చదునైపోయింది. త్రెడ్ పొడుగెక్కువ, పిస్టన్ పైకొచ్చి గుద్దుకుంది. నిన్న ఆయన పాతదాని పక్కన పెట్టి చూసుకోలేదు, బిగించాక ఒకసారి లాగి చూసే ఓపికా లేకపోయింది. అది ఆమెకీ అర్థమైంది, ఆయనకీ అర్థమైంది. ఆయన మాత్రం ఏమాత్రం తొణకలేదు.

"ఇది మా ఆవిడ పనండీ" అన్నాడు. "వద్దంటే వినదు. ఆడవాళ్లకి ఇవన్నీ ఎందుకు చెప్పండి? ఇవాళ్టినుంచి దీన్ని బల్ల దగ్గరికి రానివ్వను."

పని! పన్నెండేళ్లలో ఆ మాట ఆయన నోట ఇదే మొదటిసారి. బాగున్నన్నాళ్లూ సాయం, చెడిపోగానే పని. ఆమెకి నవ్వొచ్చింది, ఆ వెంటనే బల్ల వైపు చూసింది. వంటిల్లు అత్తగారిది, షాపు ఆయనది. ఈ బల్ల కూడా పోతే తనకి మిగిలేదేమిటి? గుమ్మంలో నిలబడ్డ అత్తగారికి నిన్న కోడలు ఎక్కడుందో తెలుసు. అయినా కొంగు సర్దుకుంటూ నేలచూపులు చూసింది.

"నిజమేనా అమ్మా?" అన్నాడు తోటమాలి.

ఊఁ అనెయ్యమన్నట్టు చూశాడు భర్త. ఆ చూపు ఆమెకి కొత్తేం కాదు. ఇన్నాళ్లూ ఊఁ అంటూనే వచ్చింది. ఈసారి లేచి, ఆయన చేతిలోంచి ప్లగ్గు తీసుకుని, తోటమాలికి కనబడేలా పట్టుకుంది.

"ఈ షాపులో పన్నెండేళ్లుగా ప్లగ్గులన్నీ బిగించింది నేనే" అంది, గొంతు పెంచకుండా. "ఇదొక్కటి మాత్రం ఆయన బిగించారు."