తిప్పయ్య నోటికి పోయిన కారం

పొద్దున్నే నల్లమ్మ అంట్లు తోమే బండ దగ్గరికి పోయి గుప్పెడు మిరపకాయలు కోస్తుంది. పిట్టలు వేసిన విత్తనానికి మొలిచిన అడవి మిరప అది. యాడికి ఊరి చుట్టూ వానలు మొహం చాటేసినా అంట్ల నీళ్లతోనే విరగకాసింది. ఆ కాయల్ని వేయించిన చెనిగింజలతో, అంటే వేరుశనగ గింజలతో, నూరితే ఊరిమిండి అనే రోటిపచ్చడి అవుతుంది.

ఆ కారం తిన్నవాళ్లకు తగలదు. నూరేటప్పుడు నల్లమ్మ ఎవరిని తలుచుకుంటే, వాళ్లు ఎంత దూరాన ఉన్నా, వాళ్ల నోరే మండుతుంది. అందుకే రోటి చప్పుడు వినపడితే చాలు, "నల్లక్కా, నన్ను తలుసుకోవద్దమ్మా" అంటూ జనం గబగబా దాటిపోయేవాళ్లు. చనిపోయిన తన నాయనను తలుచుకున్న రోజు మాత్రం ఆ కారం ఎక్కడికీ పోలేక ఇంటిల్లిపాదినీ ఏడిపించింది.

"సచ్చినోళ్లకు నోరు యాడుంటాదే?" అని అత్త మారెమ్మ ముక్కు చీదుకుంటూ తిట్టింది.

కరువుకు తాళలేక నల్లమ్మ మొగుడు తిప్పయ్య బళ్లారి దిక్కు గని పనికి పోయాడు. అతనితో పోయిన ఓబుళేసు ఒక్కడే తిరిగొచ్చాడు.

"గని కూలిపోయినాదక్కా. మనిషి దొరకలేదు. ఇదే దొరికినాది" అని తిప్పయ్య కంబళి ఆమె చేతిలో పెట్టాడు.

నల్లమ్మకు ఏడుపు కూడా రాలేదు, కొయ్యబారిపోయింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు తెచ్చిన సంగటి తిని, రోటి వైపు చూడకుండా రోజులు గడిపింది.

పెద్దదినం వచ్చింది. పోయినవాళ్లకు ఇష్టమైనది వండి పెట్టాలి. తిప్పయ్యకు ఊరిమిండి అంటే ప్రాణం. భోజనాలయ్యాక నల్లమ్మ గాజులు పగలగొడతారు. ఆమె రోటి ముందు కూర్చుని మొగుణ్ణి తప్ప ఎవరినీ తలుచుకోలేదు. తనను ఇట్లా వదిలేసి పోయినందుకు కోపంతోనే తలుచుకుంది. గుప్పెడు వేయాల్సిన కాయలు చేటెడు వేసింది.

ఈ రోజు కారం ఇంట్లోనే మండుతుందని చుట్టాలందరికీ తెలుసు. నీళ్ల చెంబులు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. పెద్దాయన చౌడప్ప మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని గట్టిగా కళ్లు మూసుకున్నాడు. మెల్లగా తెరిచాడు. ఇంకో ముద్ద తిన్నాడు.

"ఏమప్పా ఇది? కారమే లేదే!"

ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగిపోయాయి. ఓబుళేసు మొహంలో నెత్తురు చుక్క లేదు. మారెమ్మ పరుగున పోయి రోట్లో మిగిలింది వేలితో నాకి అక్కడే కూలబడింది.

"నా కొడుకు బతికే ఉండాడు! యాడనో నీళ్లకు అల్లాడతాండాడు!"

చౌడప్ప గాజుల కోసం తెచ్చిన రాయిని అవతలికి విసిరేశాడు. నల్లమ్మకు అన్నాళ్లూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఏడుస్తూనే కొంగు నడుముకు చుట్టి, చెట్టు దగ్గరికి పోయి మిగిలిన కాయలన్నీ దూయడం మొదలుపెట్టింది.

"ఇంకా ఎందుకే?" అంది మారెమ్మ.

"దినామూ నూరతా అత్తా. ఇది ఎవురి చేతి కారమో ఆయప్పకు తెలుసు. తట్టుకోలేక ఇంటికి రావల్ల."