నాగప్ప బొటనవేలిలో కాపురం

ధర్మవరం నాగప్పకు కుడికాలే అన్నం పెట్టే దేవుడు. మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని ఆ కాలితో చెక్క తొక్కితేనే మగ్గం మీద పట్టుచీర సాగుతుంది. అలాంటి కాలి బొటనవేలిలో మేకు దిగింది. మందుల షాపాయన ఐదు రోజులకు మాత్రలిచ్చాడు. రెండో రోజుకే నొప్పి పోయింది. ఇంకేం, తక్కినవి డబ్బాలో పడ్డాయి. తెగిన పోగును కూడా ముడేసి వాడుకునే ఇల్లది. బంగారంలాంటి మాత్రలను, ఒళ్లు బాగయ్యాక మింగి దండగ చేస్తారా!

ఆ డబ్బా వీధికంతా ధర్మాసుపత్రి అయింది. పక్కింటి కొండమ్మ పంటినొప్పికి రెండు, ఎదురింటి గంగన్న జలుబుకు ఒకటి. నెల తిరిగేసరికి వేలికి చీము పట్టింది. నాగప్ప రెండు మాత్రలు మింగి, తగ్గగానే ఆపాడు. వేలు మళ్లీ వాచి, మూడోసారి మాత్ర నోట్లో వేసుకోబోతుంటే వేలిలోంచి ఎవరో దగ్గారు.

"ఏమప్పా నాగప్పా, మళ్లా అదేనా? మాకు అలవాటైపోయిండాది. ఇంకేదన్నా ఉంటే చూడప్పా."

నాగప్పకు భయం కంటే ముందు ఒళ్లు మండింది. నా వేలిలో ఉంటూ నాకే పురమాయిస్తారా, ఎవరు మీరని గద్దించాడు. క్రిములమని మర్యాదగానే చెప్పాయి. మొదటిసారి మెత్తనివాళ్లంతా చచ్చారట. నలుగురు మొండివాళ్లు మిగిలారట. ఐదు రోజులూ మింగి ఉంటే వాళ్లూ పోయేవాళ్లేనట, మహానుభావుడు దయతలిచి ఆపేశాడట. ఇప్పుడు వేలంతా వాళ్ల సంతానమే. పైగా మగ్గం డిజైనుకు, ఏ పోగు లేవాలో చెప్పే చిల్లుల అట్టలు కట్టినట్టు, మాత్రను ఎలా విరగ్గొట్టాలో ఇవీ అట్టలు గుద్దుకున్నాయట. ఒంటికి ఒళ్లు తగిలిన ప్రతి క్రిమికీ ఒక నకలు ఇస్తున్నాయట.

భార్య జయలక్ష్మమ్మ అంతా విని నెత్తి కొట్టుకుంది. కొరివితో తల గోక్కున్న మొగుణ్ణి తిడుతూనే డాక్టర్ వీణ దగ్గరికి లాక్కెళ్లింది. చీమును పరీక్షకు హిందూపురం పంపారు. ఆరు మందులు పనిచెయ్యవు, ఒక్కటే మిగిలిందని కాగితం వచ్చింది. పది రోజులు సూది వేయించుకోవాలనీ, అదీ పనిచెయ్యకపోతే పాదం తీసెయ్యాల్సి వస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. నాగప్పకు అక్కడే ఏడుపొచ్చింది. పాదం లేకపోతే మగ్గం ఎక్కడ, కూడు ఎక్కడ?

సూదులు మొదలయ్యాక నాలుగు రోజులు క్రిములు శాపనార్థాలు పెట్టాయి. ఐదోరోజు బతిమాలాయి. ఆరోరోజు అలికిడి లేదు, వాపూ లేదు. ఏడోరోజు పొద్దున, బాగైపోయిందిలే, సగంలో ఉన్న పెండ్లిచీర పూర్తి చేద్దామని నాగప్ప గుంటలోకి దిగబోయాడు. ఒక కాలు పెట్టి, ఆగి, తనను తానే తిట్టుకుంటూ ఆసుపత్రి దారి పట్టాడు.

పదోరోజు సూది దిగాక వేలిలోంచి సన్నటి గొంతు వినిపించింది.

"నేనొక్కన్నే మిగిలి, ఉలుకూ పలుకూ లేకుండా దాంకోనుండా. నీకెట్ల తెలిసెనప్పా?"

"నాకేం తెలుసు? డాక్టరమ్మ పది అనింది, పది ఏయించుకుంటి."

"ఆ పొద్దు ఐదంటే ఐదు దినాలూ మింగింటే," అంది గొంతు నీరసంగా, "మేం ఇంతమందిమి పుట్టేవాళ్లమే కాదు గదప్పా."

నాగప్పకు సిగ్గేసింది. మర్నాడు మగ్గం తొక్కుతూ కూడా ఆ వేలి వైపు చూడలేకపోయాడు.