పలకల మధ్య సందు

మధ్యాహ్నానికి కంప్యూటర్‌లో లెక్క పూర్తయింది. తెర మీద రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒకటి పరిశోధక విద్యార్థిని కార్తీక తయారుచేసిన గణిత నమూనా చెప్పిన కరెంటు, రెండోది ల్యాబులో కొలిచిన కరెంటు. పరిశోధనలో చేరినప్పటి నుంచి ఆమె ఎదురుచూసింది దీనికోసమే. అయినా సంతోషం రాలేదు.

ఆమె పనిచేస్తున్నది వేడి నుంచి కరెంటు పుట్టించే పరికరం మీద. అందులో రెండు లోహపు పలకలుంటాయి. ఎర్రగా కాలిన పలక నుంచి ఎలక్ట్రాన్లు ఎగిరి చల్లటి పలకను చేరితే కరెంటు పుడుతుంది. లోహం కరిగించి పోతపోసే ఫౌండ్రీలో వృథాగా పోయే వేడితో మోటార్లు నడపవచ్చని ఆమె పాత నమూనా చెప్పింది. ల్యాబులో అందులో పావు వంతు కూడా రాలేదు. గైడు రాజేంద్రన్ లోహం గుణం చెప్పే సంఖ్యను కాస్త సవరించమన్నారు. సవరిస్తే ఒక వేడి దగ్గర సరిపోయేది, ఇంకో వేడి దగ్గర తప్పేది. వేడికి పలకలు వంగి మధ్య సందు పెరుగుతోందని, అక్కడ గుమిగూడిన ఎలక్ట్రాన్లు వెనక వచ్చేవాటిని తోసేస్తున్నాయని ఆమెకు ఆలస్యంగా తట్టింది. అది కలిపాక లెక్క సరిపోయింది. పరికరం ఫౌండ్రీకి పనికిరాదని కూడా తేలిపోయింది.

సాయంత్రం బస్సెక్కి తుడియలూరు వెళ్లింది. అక్కడ ఫౌండ్రీ నడుపుతున్న మేనమామ దొరైసామి, ఆమె మాట నమ్మి కొత్త ఫర్నేసు గోడలో పరికరానికి చోటు వదిలి పని ఆపించాడు. ఆమె చెప్పిందంతా నిలబడే విన్నాడు.

"సందు తగ్గించేదానికి కాదా, కణ్ణు?"

"ఆ వేడికి పలకలు వంగేస్తాయి మామా. ఇంక నా చేత కాదు."

ఆయన గోడలో వదిలిన చోటు దగ్గరకు వెళ్లి దాని అంచును చేత్తో తడిమాడు. కోప్పడితే బాగుండునని ఆమెకు అనిపించింది.

"అందరికీ చెప్పుకున్నా, మా కార్తీక చేస్తా ఉండాదని," అన్నాడు. "సరి, విడు. గోడ మూసేయమంటాను. అంతా కట్టినాక చెప్పింటే పగలగొట్టాల్సి వచ్చేది."

అత్త మీనాంబాళ్ పెట్టిన అన్నం సగం తిని ఆమె తిరుగు బస్సెక్కింది.

మర్నాడు రాజేంద్రన్ ఆ గీతలను చూసి కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నారు. తానూ దీని మీద చాలా ఏళ్లు వెచ్చించానని, ఉన్నదున్నట్టు రాయమని అన్నారు. కార్తీక తన బల్ల దగ్గర కూర్చుని థీసిస్‌లో దీని గురించిన అధ్యాయం మొదలుపెట్టింది. పరికరం పనికిరాదని మొదటి వాక్యంలోనే రాసి, బల్ల మీద తల వాల్చి కళ్లు మూసుకుంది.