చిగుళ్ళ కింద మొలిచింది

పొద్దున్నే పళ్ళాసుపత్రి తలుపు తీసేది అక్కడ ఎక్స్‌రేలు తీసే పెద్దకోడలే. ఎక్స్‌రే గది దులుపుకుని, సీసం ఏప్రన్ కొక్కేనికి తగిలించి, వచ్చేవాళ్ళ కోసం చూస్తుంది. వచ్చినవాళ్ళకి ఆ బరువు ఏప్రన్ వేసి, మెడకి పట్టీ కట్టి, నోట్లో చిన్న ఫిల్ము పెట్టి, కదలొద్దని చెప్పి, గోడ వెనక్కెళ్ళి బటన్ నొక్కుతుంది. ఒక పన్ను వేరుదాకా చూడాలంటే ఒక రకం ఫిల్ము. పంటికీ పంటికీ మధ్య పుచ్చు చూడాలంటే కొరికి పట్టుకునే రకం. భయపడేవాళ్ళకి, ఒంటికి తగిలేది చాలా తక్కువనీ, అయినా ఊరికే మాత్రం తీయమనీ నచ్చజెబుతుంది.

ఆ ఊళ్ళో ఎవరికైనా పక్కవాళ్ళని చూసి ఓర్వలేనితనం పుడితే చిగుళ్ళ కింద ఒక పన్ను మొలుస్తుంది. పైకి కనపడదు, ఎక్స్‌రేలోనే పడుతుంది. డాక్టరుగారు చూసి, ఎవరి మీదమ్మా అనడిగి, తీసేయాలా ఉంచాలా అంటారు. తీసేస్తే కడుపులో మంట కూడా పోతుంది. టైలరుకి అలాంటివి మూడున్నాయి, మూడూ ఎదురుషాపతని మీదే. పీకించుకుంటే ఆ కసి పోయి కుట్టు చెడిపోతుందేమోనని ఉంచేసుకున్నాడు.

తన తోటికోడలైన చిన్నకోడల్ని ఆ పనిలో పెట్టించింది పెద్దకోడలే. ఇంట్లో కూర్చుని ఏం చేస్తావని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఫిల్ము ఎలా పట్టాలో, గడ్డం ఎంత ఎత్తాలో అన్నీ తనే నేర్పింది. తీరా తల చుట్టూ తిరిగి రెండు దవడలూ ఒకేసారి తీసే పెద్ద మిషను వచ్చాక, డాక్టరుగారు ఆ గది చిన్నకోడలికి ఇచ్చారు. ఆ పిల్లకి కంప్యూటరు తొందరగా వస్తుందన్నారు. అందులో అబద్ధమేం లేదు. అదే పెద్దకోడలికి మింగుడు పడలేదు.

ఆ గదికి ఏసీ పెట్టారు. జనం అక్కడే కూర్చుంటున్నారు. ఇంట్లో అత్తగారు కూడా, మా చిన్నదే పెద్ద మిషను నడుపుతుందని ఎదురింటావిడకి చెప్పుకుంది. పెద్దకోడలు విననట్టు గిన్నెలు తోముతూనే ఉంది, తోమినవే మళ్ళీ తోమింది.

కొన్నాళ్ళకి ఆవిడ ఎడమ దవడ సలపడం మొదలెట్టింది. ఎందుకో ఆవిడకి తెలుసు. ఫిల్ము తీస్తే అందరికీ తెలుస్తుంది, ముఖ్యంగా ఆ పిల్లకి. అందుకే కుడివైపే నములుతూ నెట్టుకొచ్చింది. చిన్నకోడలు చూసి, ఒక్కటి తీస్తానక్కా అని వెంటపడేది. ఊరికే తీయించుకోకూడదమ్మా, నీకు నేర్పలేదా అని పెద్దకోడలు తప్పించుకునేది.

ఒకరోజు ఎడమ చెంప బూరెలా ఉబ్బి, నోరు తెరవడం కష్టమైంది. డాక్టరుగారు ఇంక వినలేదు, పెద్ద మిషను దగ్గరికి పంపించారు.

చిన్నకోడలు ఆవిడకి ఏప్రన్ వేసింది. గడ్డం దిమ్మ మీద పెట్టించి, కదలొద్దక్కా అంది, అచ్చం ఆవిడ గొంతుతోనే. మిషను చిన్నగా గుర్రుమంటూ తల చుట్టూ తిరిగింది.

బొమ్మ తెర మీదకొచ్చింది. ఎడమవైపు చిగుళ్ళ కింద ఆ పన్ను తెల్లగా, నిటారుగా నిలబడుంది. పెద్దకోడలు తల దించుకుంది. డాక్టరుగారు మాత్రం దాన్ని చూడనే లేదు, కుడి దవడ మీద వేలు పెట్టారు. అక్కడ కోడిగుడ్డంత నల్లటి నీడ.

"నీటితిత్తి. ఎముకని లోపల్లోపలే తినేసిందమ్మా. ఇది నొప్పి పెట్టదు. ఇంకొన్నాళ్ళు ఇటువైపే నమిలుంటే దవడ విరిగేది. చిన్న ఫిల్ము తీసుంటే ఆ పన్నొక్కటే పడేది, ఇది తప్పిపోయేది."

చిన్నకోడలు తెరకేసి చూస్తూ మెల్లగా అడిగింది. "ఎవరి మీదక్కా?"

"ఇంకెవరి మీద. నీ మీదే."

ఆ పిల్ల ఆవిడ ఒంటి మీంచి ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించింది. తర్వాత, "చెప్పుంటే ఈ గది నీకే వదిలేసేదాన్నిగా" అంది.

"అందుకే చెప్పలేదు. నువ్వు వదిలేస్తే తీసుకోడమా? అది ఇంకా మంట."

చిన్నకోడలు కళ్ళు తుడుచుకుంది, అందులోనే నవ్వొచ్చింది.

ఆపరేషను రోజు, ఎలాగూ మత్తిస్తున్నాం కాబట్టి ఆ పన్ను కూడా పీకేయనా అని డాక్టరుగారు అడిగారు. పెద్దకోడలు నాలుకతో ఆ చోటు తడుముకుని, ఉండనివ్వండి అంది.

దవడ నిలబడింది. కొన్ని నెలల తర్వాత ఎముక ఎంతవరకు పూడిందో చూడ్డానికి చిన్నకోడలే మళ్ళీ బొమ్మ తీసింది. నల్లటి నీడ చాలావరకు తెల్లబడింది. ఇద్దరూ తెర ముందు తలలు ఆనించి చూశారు.

"అక్కా, ఆ పన్ను కాస్త పెరిగినట్టుందే" అంది చిన్నకోడలు.

"పెరగదా మరి" అంది పెద్దకోడలు, బొమ్మ మీంచి చూపు తిప్పకుండా. "ఈ మధ్య మరీ బాగా తీస్తున్నావు."