మెయింటైన్ అవుతోంది

ఆస్పత్రి వార్డులో ఆయమ్మ ఎడమచేత్తో ముసలాయన గడ్డం పట్టుకుని కుడిచేత్తో చెంచా అందించింది. జావ నోట్లోకి వెళ్లాక గొంతు మీద వేలు ఆనించి చూసింది. మింగాడు. మింగితేనే రెండో చెంచా. "చాలు" అన్న మాట మాత్రం ఆమె చెవికెక్కదు. బతిమాలుతుంది, వేళాకోళమాడుతుంది, కోడలికి చెప్తానని బెదిరిస్తుంది. గిన్నె అడుగు కనబడేదాకా మంచం వదలదు. జిడ్డులా పట్టుకుంటుందని రోగులు విసుక్కుంటారు గాని, ఆమె సెలవు పెట్టిన రోజు వాళ్లకి ముద్ద దిగదు.

ఇన్నేళ్లలో ఆ వార్డులో ఆమెకి పట్టుబడిన ఇంగ్లీషు ముక్క ఒక్కటే. మెయింటైన్. డాక్టరు రౌండుకొచ్చి మెయింటైన్ అవుతోందా అంటాడు, అవుతోందంటుంది నర్సు. అంటే తగ్గిందనీ కాదు, ముదిరిందనీ కాదు, నిన్నటిలాగే నిలబడిందని. ఆ మాట తెగ నచ్చి ఇంటికి కూడా పట్టుకుపోయింది. మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయని పొరుగావిడ అడిగితే మెయింటైన్ అవుతున్నాయంటుంది. కారే ఇంటికప్పూ, మాట వినని మొగుడూ, అన్నీ మెయింటైన్ అవుతున్నాయి. ఆమె బతుక్కి అంతకంటే పెద్ద మాట అవసరమూ పడలేదు పాపం.

వారం నుంచీ కిటికీ పక్క మంచంలో ఉన్నది ఆమె సొంత అక్క. తల్లి పోయేనాటికి ఆయమ్మ పాలు మానని పిల్ల. అక్క మాత్రం ఏం పెద్దది? ఆ వయసులోనే నాలుగిళ్లలో అంట్లు తోమి చెల్లెల్ని పెంచింది. చెల్లెలు ఓ ఇంటిదయ్యాకే తన పెళ్లి అంది. ఆ తర్వాత ఆ ఊసెత్తినవాళ్లే లేరు.

ఆ రోజు పొద్దున్న డ్యూటీ ఎక్కగానే ఆయమ్మ అక్క దగ్గరికెళ్లి టిఫిను తిన్నావా అని అడిగింది. అక్క తలూపింది. ఆయమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఇంకో నాలుగు రోజులు ఇలా తింటే అక్క లేచి కూర్చుంటుంది, ఇంటికి తీసుకుపోవచ్చు అనుకుంది.

రౌండులో డాక్టరు నర్సుతో అన్నది వేరు. మెయింటైన్ అవ్వట్లేదు. ఆయమ్మ వైపు తిరిగి, ఇంక నోట్లో బలవంతంగా ఏమీ పెట్టొద్దని, పొలమారితే ప్రమాదమని, దగ్గరుండమని మెల్లగా చెప్పాడు. ఆయమ్మ సరేనంది. అన్నదే గాని మధ్యాహ్నం జావ గిన్నెతో అక్క పక్కన చేరింది. ఏం చేస్తుంది, ఆ చేతులకి తెలిసిన పని అదొక్కటే.

"ఒక్క చెంచా అక్కా. నాకోసం."

ఆమెకోసమే అక్క నోరు తెరిచింది. ఆయమ్మ గొంతు మీద వేలు ఆనించింది. గుటక పడలేదు. జావ పెదవి చివర నుంచి కారి మెడ మీదికి వచ్చింది. కొంగుతో తుడిచి మళ్లీ చెంచా నింపింది. అక్క ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో బలం లేదు.

"చాలే చిట్టీ. ఇక చాలు."

ఆ మాట అన్నవాళ్లనెవరినీ ఆయమ్మ ఏనాడూ వదల్లేదు. అక్కని వదిలేసింది. గిన్నె కింద పెట్టి ఆ చెయ్యి పట్టుకుని కూర్చుని ఏడ్చింది. చూసేవాళ్లు చూడనీ. కిటికీలోంచి పడే ఎండ మంచం దిగి నేల మీదికి వచ్చింది. ఊపిరి ఎప్పుడాగిందో చెయ్యి పట్టుకున్న మనిషికే తెలియలేదు. నర్సు వచ్చి చూసి చెప్పింది.

అక్కని తీసుకెళ్లాక పక్క మార్చే పని ఇంకొకరికి ఇవ్వలేదు ఆయమ్మ. దిండెత్తితే కింద రుమాలు మూట కనబడింది. విప్పింది. ఆస్పత్రిలో పొద్దున్న పంచిన ఉడికిన గుడ్డు, పెంకు తీసి ఉంది. ఎక్కడా కొరకలేదు.

పక్క మంచం ఆవిడ మోచేతి మీద లేచింది.

"పొద్దున్నే నువ్వేమీ తినకుండా వస్తావని దాచిందమ్మా. ఉప్పు లేకపోతే మా చెల్లి గుడ్డు ముట్టదూ అని నన్నడిగి తీసుకుంది."

రుమాలు మడతలో చిన్న కాగితం పొట్లం ఉంది, చిటికెడు ఉప్పుతో.